గ్యాంగ్‌తో లడఖ్ లేక్స్ రోడ్ ట్రిప్ ఎలా చేయాలి: నుబ్రా, పాంగోంగ్, హాన్లే, త్సో మోరిరి

లడఖ్ వెళ్ళొచ్చినోళ్ళని అడిగితే రోడ్ల గురించి, బైకుల గురించి, పాంగోంగ్ లేక్ రంగుల గురించి గంటలు గంటలు చెప్తారు గానీ ఎనిమిది పది మంది కలిసి వెళ్తే ట్రిప్ ఎక్కడ చెడుతుందో మాత్రం చెప్పరు. రోడ్డు దగ్గర చెడదండి. ఆ ఎత్తు ఒంటికి పడని ఒక్క మనిషి దగ్గర చెడుతుంది, రాత్రి రెండింటికి తలనొప్పితో లేచి కూర్చున్న ఆ మనిషి కోసం ప్లాన్ మార్చాలా వద్దా అని మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు చూడండి, అక్కడ. అందుకే కింద రాసిన ప్లాన్ మొత్తం గ్రూప్‌లో అందరికంటే నెమ్మదిగా అలవాటు పడే మనిషిని బట్టి వేసింది, గట్టోళ్ళని బట్టి కాదు. మీ గ్రూప్‌లో అందరూ గట్టోళ్ళే అంటారా, లేహ్‌లో దిగిన రెండో రోజు మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇంకో మాట. లడఖ్ అంటే మంచు అనుకుని వెళ్తారు చాలామంది, నిజానికి అది ఎడారి. రుతుపవనాల్ని హిమాలయాలు ఇవతలే ఆపేస్తాయి కాబట్టి లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన 10 సెంటీమీటర్ల చుట్టుపక్కలే, మన దగ్గర ఒక్క గట్టి వాన పడితే అంత. చెట్టు ఉండదు, నీడ ఉండదు, చుట్టూ రాయి, ఇసుక, మధ్యలో ఉప్పు నీళ్ళ లేక్‌లు. సామాన్లు సర్దుకునేటప్పుడు చలి ఒక్కటే గుర్తుంటుంది, ఎండా పొడి గాలీ గుర్తుండవు, అక్కడే పెదాలు పగిలేది.

1. ముందు మనుషులు, తర్వాత తేదీలు

గ్రూప్ ఆరుగురు లేదా పన్నెండు మంది అయితే హాయి, ఎందుకంటే ఇన్నోవా లాంటి బండిలో సామాన్లతో కలిపి ఆరుగురికి మించి కూర్చుంటే రోజుకి ఏడెనిమిది గంటల ఘాట్ రోడ్డులో నరకం. తొమ్మిది మంది అన్నారనుకోండి, రెండు బండ్లు తీసుకుని ఖాళీగా ఉన్న సీట్లలో బ్యాగులు పెట్టుకోండి, డబ్బు ఎక్కువైనా పర్లేదు. టెంపో ట్రావెలర్ నుబ్రా లోయ, పాంగోంగ్ దాకా బానే ఉంటుంది, హాన్లే వైపు మాత్రం నేనైతే చిన్న బండ్లకే ఓటేస్తాను.

గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కంట్రోల్‌లో లేని బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి, ఆ తర్వాతే గ్రూప్‌లో పేరు ఇవ్వాలి. ఇది మొహమాటపడే విషయం కాదు. బాబాయి ఫీలవుతాడని తీసుకెళ్తే హాన్లేలో బాబాయికి ఊపిరాడకపోతే పెద్దాస్పత్రి ఉన్న లేహ్ ఒక పూట దూరంలో ఉంటుంది.

తేదీల విషయానికొస్తే జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ మధ్య దాకా సేఫ్. మన పిల్లల ఎండాకాలం సెలవులు ఏప్రిల్ ఆఖర్లో మొదలై జూన్ రెండో వారానికల్లా అయిపోతాయి కదా, అందుకని చాలామంది మే నెల అంటారు, మేలో వెళ్ళొచ్చు గానీ త్సో మోరిరి లేక్‌లో ఇంకా మంచు గడ్డలు మిగిలి ఉండొచ్చు, మనాలీ రోడ్డు తెరవకపోవచ్చు, రాత్రుళ్ళు పిల్లలు తట్టుకోలేరు. దసరా సెలవుల్లో అయితే ఆకాశం అద్దంలా ఉంటుంది కానీ రాత్రి చలి మైనస్‌లోకి పోతుంది, అక్టోబర్ మధ్యకల్లా క్యాంపులు మూసేస్తారు. చిన్న పిల్లలు లేని గ్రూప్ అయితే సెప్టెంబర్ మొదటి రెండు వారాలు నా ఓటు.

తేదీ ఫిక్స్ చేసే ముందు గోడ మీద క్యాలెండర్ తీసి అమావాస్య ఎప్పుడో చూడండి. హాన్లే వెళ్ళేది నక్షత్రాలు చూడటానికి, అక్కడ మీరు పడుకునే రాత్రి అమావాస్యకి రెండు మూడు రోజులు అటో ఇటో పడాలి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ఫ్లైట్ టికెట్లు తియ్యండి. పౌర్ణమికి హాన్లే వెళ్తే వెన్నెల బావుంటుంది, అంతే, పాలపుంత మాత్రం కనపడదు.

రోజులు ఎన్ని? హైదరాబాద్ నుంచి హైదరాబాద్‌కి పన్నెండు, పదమూడు రోజులు. "వారంలో కొట్టేద్దాం" అనే ఫ్రెండ్‌కి నుబ్రా, పాంగోంగ్ మాత్రమే చూపించి పంపండి, హాన్లే, త్సో మోరిరి ఇంకోసారి.

2. బండి ఎవరిది, పర్మిట్ ఎలా

ఇక్కడ చాలామందికి తెలియని రూల్ ఒకటుంది. ఢిల్లీలోనో మనాలీలోనో సెల్ఫ్ డ్రైవ్ కారు, అద్దె బైకు తీసుకుని లేహ్ దాకా వచ్చి దాంతోనే నుబ్రా, పాంగోంగ్ తిరుగుతాం అంటే కుదరదు. బయట అద్దె బండ్లని లేహ్ చుట్టుపక్కల తిరగనివ్వరు, లోకల్ ట్యాక్సీ వాళ్ళు మధ్యలోనే ఆపుతారు, అక్కడ గొడవపడి ప్రయోజనం లేదు. మీ సొంత కారు అయితే ఓకే, ఆర్‌సీ మీ పేరున గానీ ఇంట్లోవాళ్ళ పేరున గానీ ఉండాలి, ఒరిజినల్స్ దగ్గరుండాలి. లేదంటే లేహ్‌లోనే లోకల్ ట్యాక్సీ మాట్లాడుకోండి, యూనియన్ రేట్లు ఫిక్స్‌డ్‌గా ఉంటాయి, రూట్ మొత్తం ఊరి పేర్లతో సహా కాగితం మీద రాయించుకుని, డ్రైవర్ భోజనం, బస అందులో కలిసిందో లేదో ముందే అడిగేయండి.

సొంత కారులో హైదరాబాద్ నుంచే వెళ్ళాలనుకునే వీరులకి ఒక మంచి విషయం, మన ఊర్ల మీదుగా పోయే నేషనల్ హైవే 44 నేరుగా శ్రీనగర్ దాకా పోతుంది. అనంతపురం, కర్నూలు వాళ్ళు ఎక్కినా అదే రోడ్డు. శ్రీనగర్, సోనమార్గ్, జోజి లా (లా అంటే కనుమ), కార్గిల్ మీదుగా లేహ్ వెళ్తే ఎత్తు మెల్లగా పెరుగుతుంది, ఒంటికి మంచిది. మనాలీ వైపు 2020లో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ వచ్చాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ పోయింది గానీ, ఆ రూట్‌లో మధ్యలో పడుకునే సర్చు లాంటి చోట్లు లేహ్ కంటే ఎత్తు. అందుకే వెళ్ళేటప్పుడు శ్రీనగర్, వచ్చేటప్పుడు మనాలీ. జూలై, ఆగస్టుల్లో ఈ రెండు రోడ్ల మీదా కొండచరియలు పడుతుంటాయి, ఒక రోజు చేతిలో ఉంచుకోండి.

పర్మిట్ సంగతి. మన ఇండియన్స్‌కి లేహ్ జిల్లా అధికారుల వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, ఎన్విరాన్‌మెంట్ ఫీజు కట్టి, వెళ్ళే చోట్లన్నీ టిక్ పెట్టి ప్రింట్ తీసుకోవడమే. రూల్స్ సీజన్ సీజన్‌కీ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం ముందు మళ్ళీ చూడండి. నుబ్రా, పాంగోంగ్ మాత్రమే కాకుండా చుషుల్, హాన్లే, త్సో మోరిరి కూడా విడివిడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కో బండికి ఏడెనిమిది జిరాక్సులు, ఆధార్ కాపీలతో సహా, డ్యాష్‌బోర్డులో పడేయండి, చెక్‌పోస్టుల్లో ఒక్కోటి ఇచ్చుకుంటూ పోవాలి.

అమెరికా నుంచి వచ్చిన తమ్ముడో మరదలో గ్రూప్‌లో ఉంటే ఇది రెండుసార్లు చదవండి. విదేశీ పాస్‌పోర్ట్ ఉంటే ఓసీఐ కార్డు ఉన్నా సరే వాళ్ళది వేరే పర్మిట్, ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ అంటారు, రిజిస్టర్డ్ ట్రావెల్ ఏజెంట్ ద్వారానే తియ్యాలి. పాంగోంగ్, త్సో మోరిరికి ఇస్తారు. హాన్లే, చుషుల్ బార్డర్ వైపు మాత్రం వాళ్ళకి ఆంక్షలు ఉంటాయి, ఏజెంట్‌తో రాతపూర్వకంగా ఖాయం చేసుకోకుండా ఆ ప్లాన్ వెయ్యకండి. మనం లోపలికెళ్ళి మరదల్ని హాన్లే దారిలో లోమా చెక్‌పోస్ట్ దగ్గర వదిలేసి వెళ్ళలేం కదా.

3. లేహ్‌లో మొదటి రెండు రోజులు ఏమీ చెయ్యకండి

నిజంగా ఏమీ చెయ్యకండి. హైదరాబాద్ ఎత్తు 1,800 అడుగుల లోపే, విజయవాడ, వైజాగ్ వాళ్ళయితే సముద్ర మట్టం నుంచే వస్తున్నారు, పొద్దున్న ఢిల్లీలో ఎక్కి గంటన్నరలో 11,500 అడుగుల లేహ్‌లో దిగుతారు. గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. ఖార్దుంగ్ లా పైన అయితే సగమే. మొదటి నాలుగైదు గంటలు ఏమీ అనిపించదు, అదే అసలు మోసం, "నాకేం కాలేదు" అని శాంతి స్తూపం మెట్లెక్కినోళ్ళు సాయంత్రానికి మంచం ఎక్కుతారు.

మొదటి రోజు పడక, నీళ్ళు, లైట్ భోజనం. రెండో రోజు సాయంత్రం మార్కెట్‌లో మెల్లగా నడక. మూడో రోజు సంగమ్ దాకా, అదే సింధు, జంస్కార్ నదులు కలిసే చోటు, బండిలో వెళ్ళి రావచ్చు. మద్యం మొదటి మూడు రోజులు వద్దు, ఆ తర్వాత కూడా లేక్‌ల దగ్గర వద్దనే నా మాట. నిద్రమాత్రలు కూడా సొంతంగా వేసుకోవద్దు.

ఎత్తు పడనివాళ్ళు వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఊర్లోనే డాక్టర్‌ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళకి అది ఇబ్బంది, పైగా మాటిమాటికీ మూత్రం వస్తుంది, వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, ఇవి ముందే తెలిస్తే కంగారుపడరు. అది వేసుకున్నాం కదా అని రెస్ట్ మానేస్తే లాభం లేదు.

ఒక పల్స్ ఆక్సిమీటర్ గ్రూప్‌కి చాలు. ఇంట్లో 98 చూపించేది లేహ్‌లో 88, 90 చూపిస్తుంది, మామూలే. మనుషులు పోటీ పెట్టుకుని "నాది 92" అంటుంటారు, ఆ నంబర్ కంటే మనిషిని చూడండి. కొంచెం తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర సరిగ్గా పట్టకపోవడం చాలామందికి ఉంటాయి. వాంతులు ఆగకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గుతో నురగ వచ్చినా, తాగినోడిలా తూలుతూ నడిచినా, మాట తికమక పడినా ఇక ఆలోచించేది లేదు, అర్ధరాత్రైనా సరే కిందికి దింపాలి. ఆక్సిజన్ సిలిండర్ పెట్టి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, సిలిండర్ దారిలో వాడటానికి. లేహ్‌లో ఎస్‌ఎన్‌ఎం హాస్పిటల్ ఉంది, ఇలాంటి కేసులు వాళ్ళకి రోజూ ఉండేవే.

బయల్దేరే ముందే గ్రూప్‌లో ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరికైనా బాగోకపోతే ఒక బండి వాళ్ళతో వెనక్కి వెళ్తుంది, వాళ్ళతో ఎవరు వెళ్ళాలో కూడా పేరుతో సహా ఇప్పుడే అనుకోండి. అక్కడ చలిలో కూర్చుని ఇది తేల్చుకోవడం చాలా కష్టం, ఎవరికీ వెనక్కి వెళ్ళాలని ఉండదు, బాగోలేనోళ్ళు కూడా నా వల్ల అందరిదీ పాడవుతోందని దాచిపెడతారు. ఆ దాచిపెట్టడమే డేంజర్.

4. రూట్: పడుకునే ఎత్తు మెల్లగా పెరగాలి

పగలు ఎంత ఎత్తు పాస్ దాటారన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది లెక్క. దాన్ని బట్టే ఈ వరుస.

నాలుగో రోజు ఖార్దుంగ్ లా మీదుగా నుబ్రా. పైన బోర్డు మీద ఒకప్పుడు 18,380 అడుగులని రాసుకున్నారు గానీ కొలిస్తే 17,600 లోపే, అయినా ఎత్తు ఎత్తే. అక్కడ ఫోటో, టాయిలెట్ అన్నీ కలిపి పావుగంట, అంతకంటే వద్దు, పరిగెత్తడాలు, గెంతడాలు అసలే వద్దు. నుబ్రాలో హుండర్ 10,000 అడుగులే, లేహ్ కంటే కింద, అందుకే రాత్రి అందరూ హాయిగా నిద్రపోతారు. హుండర్ ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు చూడండి. రెండో రాత్రి కూడా అక్కడే, మధ్యలో తుర్తుక్ వెళ్ళి రావచ్చు, ఆప్రికాట్ తోటల ఊరు, 1971 దాకా పాకిస్తాన్ చేతిలో ఉండేది.

ఆరో రోజు డిస్కిట్‌లో ట్యాంక్ ఫుల్ చేసుకుని షయోక్ నది పక్క రోడ్డున దుర్బుక్ మీదుగా టాంగ్త్సే. అందరూ ఆ రోజే పాంగోంగ్ వెళ్ళిపోతారు. మీరు వెళ్ళకండి. హుండర్ 10,000, పాంగోంగ్ 14,000, ఒక్క రాత్రిలో నాలుగు వేల అడుగులు అంటే తలనొప్పి గ్యారంటీగా పిలిచి తెచ్చుకోవడమే. టాంగ్త్సే మధ్యలో, 13,000 దగ్గర ఉంటుంది, హోమ్‌స్టేలు ఉన్నాయి, చిన్న ఆస్పత్రి ఉంది. చూడ్డానికి ఏం లేదుగా అని గ్రూప్‌లో ఒకరు అంటారు. ఏం లేదు, పడుకోవడమే. షయోక్ రోడ్డు మీద రాళ్ళు పడుతుంటాయి, ఎండకి మంచు కరిగి మధ్యాహ్నం వాగులు పొంగుతాయి, పొద్దున్నే బయల్దేరి దాటేయాలి.

ఏడో రోజు గంటన్నరలో పాంగోంగ్ ముందుంటారు, మధ్యాహ్నం ఎండలో, అంటే దాని నీలం బాగా కనపడే టైమ్‌కి. 134 కిలోమీటర్ల పొడుగు లేక్, అందులో మూడో వంతు దాకా మన వైపు, మిగతాది చైనా చేతిలో ఉన్న వైపు. నీళ్ళు బయటికి పోయే దారి లేదు కాబట్టి ఉప్పు, అయినా చలికాలంలో గడ్డకట్టేస్తుంది. లుకుంగ్, స్పాంగ్మిక్ దగ్గర జాతరలా ఉంటుంది, '3 ఇడియట్స్' సినిమా స్కూటర్లు, పసుపు సీట్లు, డీజే కూడా. అక్కడ పిల్లల కోసం అరగంట ఆగి మాన్, మేరక్ ఊర్ల దాకా వెళ్ళిపోండి, హోమ్‌స్టేలో గది తీసుకోండి. టెంట్ ఫోటోకే బాగుంటుంది, రాత్రి గాలికి అది కొట్టుకునే సౌండ్‌కి నిద్ర పట్టదు, మట్టి గోడల గది వెచ్చగా ఉంటుంది. కరెంటు సాయంత్రం కొన్ని గంటలే చాలా చోట్ల, వచ్చీ రాగానే ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండి. బండి నీళ్ళలోకి దించి రీల్ చేద్దాం అనేవాడు ప్రతి గ్రూప్‌లోనూ ఒకడుంటాడు, కేసు పెడతారు, ఫైన్ వేస్తారు, అదీగాక ఆ మెత్తటి ఒడ్డున టైర్ దిగబడితే లాగడానికి ఎవరూ రారు.

ఎనిమిదో రోజు మేరక్ నుంచి చుషుల్, త్సాగా లా, లోమా మీదుగా హాన్లే. ఈ రూట్‌లో నాకు అన్నిటికంటే నచ్చే రోజు ఇదే. కొంత తారు, కొంత మట్టి, మనుషులు కనపడరు, గుర్రమూ గాడిదా కలిసినట్టుండే కియాంగ్‌లు గుంపులుగా పరిగెత్తుతుంటాయి. చుషుల్ దాటాక రెజాంగ్ లా మెమోరియల్ దగ్గర తప్పకుండా ఆగండి. 1962 నవంబర్ 18న మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావ్ బెటాలియన్ చార్లీ కంపెనీ అక్కడ చివరిదాకా పోరాడింది, నూట ఇరవై మంది దాకా ఉంటే వంద మందికి పైగా అక్కడే ప్రాణాలు వదిలారు. మనం థర్మల్స్ వేసుకుని ఐదు నిమిషాలు నిలబడలేని గాలిలో. ఈ వైపు అంతా బార్డర్ కాబట్టి డ్రోన్ తియ్యకండి, బ్రిడ్జిలు, ఆర్మీ పోస్టులు ఫోటో తియ్యకండి. ఒక్కోసారి చుషుల్ రోడ్డు టూరిస్టులకి ఆపేస్తారు, అప్పుడు వెనక్కొచ్చి చాంగ్ లా దాటి కారు (ఊరి పేరే అది), ఉప్షి, మాహే, న్యోమా మీదుగా హాన్లే చేరాలి, ఒక రోజు ఎక్కువ పడుతుంది, ఆ రోజు ముందే ప్లాన్‌లో దాచుకోండి.

హాన్లేలో రెండు రాత్రులు. ఒకటి మబ్బు పట్టినా రెండోది మిగులుతుంది. కొండ మీద ఇండియన్ ఆస్ట్రోనామికల్ అబ్జర్వేటరీ, 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్, దాన్ని బెంగళూరు దగ్గర హోసకోటె నుంచి శాటిలైట్ లింక్‌తో నడుపుతారు. పగలు వెళ్ళి బయటినుంచి చూడొచ్చు. 2022 నుంచి ఈ చుట్టుపక్కలంతా డార్క్ స్కై రిజర్వ్, అంటే రాత్రి లైట్లు వీలైనంత తక్కువ. ఊరివాళ్ళకే ట్రైనింగ్ ఇచ్చి టెలిస్కోప్‌లు ఇచ్చారు, ఆస్ట్రో అంబాసడర్లంటారు, మీ హోమ్‌స్టే వాళ్ళని అడిగితే ఏర్పాటు చేస్తారు, డబ్బు అక్కడి కుటుంబాలకే వెళ్తుంది. శని గ్రహం వలయాలు చూసి మా వైపు పెద్దాయన ఒకరు చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నారు. కారు హెడ్‌లైట్లు, ఫోన్ టార్చ్‌లు ఆపేయండి, తప్పదంటే ఎర్ర కాగితం చుట్టిన టార్చ్ వాడండి, కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది, ఒక్కడు ఫ్లాష్ కొడితే అందరిదీ మళ్ళీ మొదటికే.

ఉమ్లింగ్ లా అని ఇక్కడే కుర్రాళ్ళు పట్టుబడతారు. 19,024 అడుగుల రోడ్డు, 2021లో గిన్నిస్ రికార్డ్ ఎక్కింది. పెద్దవాళ్ళున్న గ్రూప్ అయితే వద్దు. వెళ్ళేవాళ్ళు రెండో రోజు ఒక బండిలో పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి రావాలి, మిగతావాళ్ళు హాన్లేలో గొంపా (బౌద్ధ మఠం) ఎక్కి, ఎండలో కూర్చుని టీ తాగొచ్చు. గ్రూప్ అన్నాక ప్రతిదీ అందరూ కలిసే చెయ్యాలని రూలేం లేదు.

పదో రోజు న్యోమా, మాహే, సుమ్దో మీదుగా త్సో మోరిరి. 15,000 అడుగుల దగ్గర ఉంటుంది, ఒడ్డున కోర్జోక్ అనే ఒకే ఊరు, గొంపా చుట్టూ కట్టుకున్న ఇళ్ళు. ఈ ట్రిప్‌లో పడుకునే చోట్లలో ఇదే ఎత్తు, అందుకే ఆఖర్న పెట్టాం, అప్పటికి ఒళ్ళు అలవాటు పడి ఉంటుంది. 2002 నుంచి రామ్‌సర్ సైట్, అంటే కాపాడాల్సిన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో ఉంది, ఒడ్డున టెంట్లు వెయ్యనివ్వరు, మంచిదే. తల మీద రెండు నల్లటి గీతలున్న బాతులు కనపడతాయి, బార్ హెడెడ్ గూస్, ఇవే చలికాలంలో హిమాలయాలు దాటి మన దక్షిణాది చెరువుల దాకా వస్తాయి. వాటి దగ్గరికి నడిచిపోకండి, మిగిలిన రొట్టె కుక్కలకి వెయ్యకండి. ఇక్కడ వీధికుక్కలు పెరిగి నల్లమెడ కొంగల గూళ్ళకి ముప్పుగా మారాయి.

పదకొండో రోజు మళ్ళీ సుమ్దో దాకా వచ్చి, పూగా వేడి నీటి ఊటలు, పోలో కొంగ్కా లా, త్సో కర్, తాంగ్లాంగ్ లా, ఉప్షి మీదుగా లేహ్. త్సో కర్ ఒడ్డంతా తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటుంది, చాంగ్పా అనే సంచార పశుపోషకుల గొర్రెలు, పష్మీనా మేకలు ఆ పక్కనే మేస్తుంటాయి. వాళ్ళ టెంట్లలోకి అడక్కుండా కెమెరాతో దూరకండి, ముందు "జూలే" (అక్కడి నమస్కారం) అని నవ్వండి, వాళ్ళే పిలుస్తారు. పన్నెండో రోజు ఖాళీ, రోడ్డు మూసేసినా వాతావరణం పాడైనా పనికొచ్చేది అదే.

సెలవు తక్కువుంటే నుబ్రాలో రెండో రాత్రి తీసేయండి. టాంగ్త్సే మాత్రం తియ్యకండి.

5. రెండు బండ్లు, సిగ్నల్ లేదు

ప్రీపెయిడ్ సిమ్‌లు మన ఊరివి లడఖ్‌లో పనిచెయ్యవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. బండికి ఒక జియో, ఒక ఎయిర్‌టెల్, వీలైతే ఒక బీఎస్‌ఎన్‌ఎల్ పోస్ట్‌పెయిడ్ ఉండేలా మనుషుల్ని పంచండి. ఆఫ్‌లైన్ మ్యాప్ లేహ్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంట్లోవాళ్ళకి "రెండు మూడు రోజులు ఫోన్ రాకపోతే కంగారు పడొద్దు" అని రూట్, హోమ్‌స్టే పేర్లు రాసి పంపండి, అమ్మ మాత్రం కంగారు పడుతుంది, అది వేరే విషయం.

ముందు బండి అద్దంలో వెనక బండి కనపడాలి, కనపడకపోతే ఆగాలి. పదిహేను నిమిషాల్లో రాకపోతే వెనక్కి తిరగాలి. మలుపు తిరిగే చోట, రోడ్డు చీలే చోట రెండో బండి వచ్చేదాకా కదలొద్దు. ఘాట్‌లో ఎక్కే బండికి దారి ఇవ్వాలి, ఆర్మీ కాన్వాయ్ వస్తే పక్కకి ఆపుకోవాలి. పొద్దున్న ఏడుకల్లా టైర్లు తిరగాలి, సాయంత్రం నాలుగుకి గదిలో ఉండాలి, చీకట్లో నడపడం లేదు. ఏ బండికా బండిలో నీళ్ళు, తిండి, దుప్పట్లు, టార్చ్, మందులు విడివిడిగా ఉండాలి, మందుల డబ్బా ముందు బండిలో, జబ్బుమనిషి వెనక బండిలో ఉంటే ఏం లాభం.

డీజిల్ లెక్క: డిస్కిట్‌లో నింపితే మళ్ళీ కారు ఊరో, లేహో చేరేదాకా ఈ రూట్‌లో 700 కిలోమీటర్లు పైనే. కొండల్లో పెద్ద బండి లీటర్‌కి పది ఇచ్చినా ట్యాంక్ చాలదు. బండికి 20, 25 లీటర్లు మెటల్ క్యాన్‌లో పెట్టించుకోండి, మధ్యలో బంకు కనపడి అందులో స్టాక్ కూడా ఉంటే అది మీ అదృష్టం. సొంత కారైతే రెండో స్టెప్నీ, పంక్చర్ కిట్, గాలి పంపు. డ్రైవర్ పక్క సీట్లో హిందీ బాగా వచ్చినవాళ్ళు కూర్చోవాలి, కడుపులో తిప్పేవాళ్ళకి మధ్య వరస కిటికీ, మిగతావాళ్ళు రోజూ సీటు మారాలి, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మూడో రోజుకి వెనక సీటు మీదే మొదటి గొడవ.

6. తిండి, టాయిలెట్

మనవాళ్ళు అన్నం లేకుండా ఉండలేరు, రైస్ కుక్కర్ పట్టుకెళ్తారు. త్సో మోరిరి దగ్గర నీళ్ళు 85 డిగ్రీలకే మరుగుతాయి, మూత పెట్టిన గిన్నెలో అన్నం పలుకు పలుకుగానే ఉంటుంది, పప్పు అయితే పొద్దుటిదాకా ఉడకదు. ప్రెషర్ కుక్కర్ ఒక్కటే దారి, అది హోమ్‌స్టేల్లో ఉంటుంది, అక్కని మర్యాదగా అడిగితే అన్నం వండిపెడతారు. మీరు ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి, పులిహోర పేస్ట్ తీసుకెళ్తే చాలు. పచ్చళ్ళు చెక్ ఇన్ బ్యాగులో, రెండు కవర్లలో, ఎత్తులో ప్యాకెట్లన్నీ ఉబ్బుతాయి కాబట్టి నిండా నింపిన సీసా మూత కారుతుంది. పవర్ బ్యాంకులు క్యాబిన్ బ్యాగులోనే, క్యాంప్ గ్యాస్ డబ్బాలు ఫ్లైట్‌లో అసలు కుదరవు. తుక్పా, స్క్యూ, ఖంబీర్ రొట్టె లాంటి అక్కడి వంటలు తప్పకుండా తినండి. లేక్‌ల దగ్గర చికెన్, మటన్ ఆశ పెట్టుకోకండి, మాంసం లేహ్ నుంచి ఎప్పుడొచ్చిందో తెలీదు. రాత్రి సగం కడుపే తినండి, ఆ ఎత్తులో అరగదు.

ఆడవాళ్ళ విషయం ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నా. దారిలో చెట్టు లేదు, చాటు లేదు, టాయిలెట్ ఎప్పుడొస్తుందో తెలీదు, అందుకని వాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి, అది ఎత్తు వల్లా ఎండిపోవడం వల్లా అనేది కూడా తెలీదు. ప్రతి గంటన్నరకి ఎవరూ అడక్కుండానే బండి ఆపాలి, రెండు పెద్ద నల్ల గొడుగులు, ఒక దుప్పటి బండిలో ఉండాలి, గొడుగు తెరిచి పెడితే చాటు. వాడిన టిష్యూలు, ప్యాడ్‌లు జిప్ కవర్లో వేసి లేహ్ తీసుకురావాలి, ఆ పొడి చలిలో ఏదీ కుళ్ళదు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఊర్లలో ఉండేవి మట్టి చల్లే డ్రై టాయిలెట్లు, వాటిలో నీళ్ళు పొయ్యకూడదు, పిల్లలకి ముందే చెప్పండి.

7. డబ్బులు

ఏటీఎం లేహ్‌లో, డిస్కిట్‌లో. ఆ తర్వాత సిగ్నల్ లేని చోట యూపీఐ లేదు, అంతా క్యాష్, అదీ చిన్న నోట్లలో. ఒకరే ఖజానా పట్టుకోవాలి, మనిషికి ఇంత అని ముందే వసూలు చేసి, బండి, బస, తిండి అందులోంచే. షాపింగ్, ఒంటె సవారీ ఎవరిది వాళ్ళదే. వెనక్కి వెళ్ళాల్సి వచ్చిన మనిషి దగ్గర ఎగస్ట్రా ట్యాక్సీ డబ్బులు అడగకూడదని మొదటి రోజే రాసుకోండి, అది గ్రూప్ ఖర్చు. లేకపోతే డబ్బు భయానికి కూడా జనం జబ్బు దాచిపెడతారు. ఇన్సూరెన్స్ తీసుకుంటే ఎన్ని అడుగుల దాకా వర్తిస్తుందో చూడండి, కొన్ని పాలసీలకి ఎత్తు పరిమితి ఉంటుంది.

పన్నెండో రోజు సాయంత్రం లేహ్‌లో కూర్చుని లెక్కలు తేల్చేయండి, హైదరాబాద్ వచ్చాక ఎవరూ దొరకరు. డ్రైవర్‌కి టిప్ కవర్లో పెట్టి అందరి ముందూ ఇవ్వండి, మిగిలిన కందిపొడి, బిస్కెట్లు ఆయన తీసుకుంటానంటే ఇచ్చేయండి. లేహ్ నుంచి ఫ్లైట్‌లు ఎక్కువగా పొద్దుటిపూటే, మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి, ఒక్కోసారి క్యాన్సిల్ కూడా అవుతాయి. ఢిల్లీలో హైదరాబాద్ కనెక్షన్‌కి కనీసం ఐదారు గంటలు గ్యాప్ ఉంచండి, అదే రోజు రాత్రి పెళ్ళికో, తెల్లారి ఆఫీసు మీటింగ్‌కో మాటివ్వకండి.